తెల్లకాగితం స్థలానికి భరోసా లేదు

పల్లెల్లో ఇంటి స్థలాల అమ్మకాలు నేటికీ పలుచోట్ల పెద్దమనుషుల ఎదుట తెల్లకాగితంపైనే సాగుతున్నాయి. రిజిస్ట్రేషను ఖర్చు మిగులుతుందన్న ఆశే ఇందుకు కారణం. కాని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం రూ.100, ఆపైన విలువగల స్థలం అమ్మకం రిజిస్టరయితేనే కొన్నవారికి హక్కు వస్తుంది. జనరల్ పవరాఫ్ అటార్నీ ద్వారా కొన్నా యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. సాక్షులు కాలం చేశాక అమ్మినవారి బిడ్డలు అడ్డం తిరిగితే, ఇల్లు కట్టుకున్నవారికి కోర్టు మెట్లే గతి.

ఇ.సి. తీశాం, చిక్కు లేదనుకోవడమూ పొరపాటే. అందులో కనిపించేవి రిజిస్టరయిన లావాదేవీలే. నోటిమాట పంపకాలు, తెల్లకాగితం ఒప్పందాలు కనిపించవు. కాబట్టి లింకు దస్తావేజులను వరుసగా చూడాలి. హిందూ ఉమ్మడి ఆస్తిలో 2005 చట్ట సవరణతో ఆడపిల్లలకూ సమాన వాటా ఉంది. అన్నదమ్ముల సంతకాలతోనే సరిపెట్టుకోరాదు.

స్థలం పోరంబోకో, డి-పట్టాదో అయితే మరింత జాగ్రత్త అవసరం. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో 22-ఎ నిషేధిత జాబితా చూసుకోవాలి. సర్వేయరుతో హద్దులు కొలిపించుకోవాలి. పునాది తీశాక విచారించే కన్నా బయానా ఇవ్వకముందే విచారించడం మేలు.