లాఠీ పట్టిన చెయ్యి ఎవరిది?

1923 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు మన అన్నవరం వచ్చాడు. జనం ఆదరించారు. అటవీ చట్టం పోడును కట్టడి చేసి, డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి కూలి ఎగ్గొడితే మన్యం తిరగబడింది. దాన్ని అణచడానికి తెల్లదొరలు ఎవర్ని పంపారు? మలబారు పోలీసుల్ని, అస్సాం రైఫిల్స్‌ని. పొట్టకూటికి పటాలంలో చేరిన పేదల బిడ్డల్నే!

రాజు ఇది గ్రహించాడు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో దేశీ సిపాయిల్ని పోనిచ్చి, కవర్డు, హైటరు అనే దొరల్నే కొట్టించాడు. అయినా పటాలాలు దొరల పక్షమే నిలిచాయి. 1924 మే 7న రాజును కాల్చిచంపారు.

మరి సిపాయి ఎన్నడూ తిరగబడడా? తిరగబడ్డాడు. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో, హైదరాలీ మీద యుద్ధానికి ఓడ ఎక్కం పొమ్మని సిపాయిలు కుంపిణీ అధికారుల మీదే తుపాకీ తిప్పారు. 1946 ఫిబ్రవరిలో బొంబాయి నావికులు తిరగబడితే కార్మికులు హర్తాళ్ చేసి, ప్రాణాలిచ్చి అండగా నిలిచారు. మరుసటి ఏడాదే దొరలు ఓడెక్కారు!

కూలి రేట్ల కోసం సమ్మె కట్టినప్పుడు మన ముందు లాఠీతో నిలబడేవాడి తల్లి ఏ చేలో నాట్లు వేస్తోందో కనుక్కుందాం. ముందుగా ఆమెను సంఘంలో చేర్చుకుందాం.