‘ఓర్చుకో’ అంటే సరిపోతుందా?

అవునమ్మా, మన మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో తొలిచూలు పిల్ల నొప్పులంటే భయపడితే ‘మేమంతా కనలేదా, ఓర్చుకో’ అంటాం కదూ! ఆ భయంతోనే కొందరు ముందే ‘ఆపరేషన్ చేసెయ్యండి’ అంటున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. అవసరమైతే అది ప్రాణం నిలిపే కోతే. కానీ తర్వాత కుట్ల నొప్పి తప్పదు.

నొప్పి తగ్గించే దారులున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పినవే: నచ్చిన మనిషి తోడుండటం, అటూ ఇటూ నడవనివ్వడం, నడుం మర్దన, కోరితే ఎపిడ్యూరల్ ఇంజక్షన్. ఇవి మీ ఆసుపత్రిలో ఉన్నాయేమో ఏడో నెలలోనే అడగండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి.

అత్తమ్మలూ, ఈసారి ‘ఓర్చుకో’ అనేముందు కోడలి నడుం కాస్త నిమరండి.