పాత చీరలు, కొత్త కుట్లు

ఈ నెల ఈ పేజీలో మందుల ఊసు తక్కువ, చీరల ఊసు ఎక్కువ. డాక్టర్లకు చీరలతో పనేమిటని అనుకునే మగవారు పేజీ తిప్పేయకుండా చివరిదాకా చదవాలని మనవి. పని ఉన్నది.

మన పండుగల తీరు అందరికీ తెలిసిందే. సంక్రాంతి, ఉగాది, వనభోజనాలు, దసరా, దీపావళి. వీటి మధ్య పుట్టినరోజులు, దేశం వదిలి వెళ్ళేవారికి వీడ్కోలు విందులు. వచ్చేది ఎప్పుడూ అవే కుటుంబాలు. ఒకరి చీర ఇంకొకరికి గుర్తుండిపోతుంది. దానికి తోడు ఫోటోలు, మనం ఇల్లు చేరేలోగానే అందరి ఫోన్లకూ చేరిపోతాయి. "ఇది ఉగాదికి కట్టిందే కదండీ!" అని ఎవరో నవ్వుతూ అంటారు. అన్నవారికి మరునాటికి గుర్తుండదు, విన్నవారికి ఏడాది పొడుగునా ఉంటుంది. భర్త ప్రాజెక్టు ముగిసి, కొత్త ఉద్యోగం ఇంకా కుదరని ఒక చెల్లెలు వరసగా రెండు పండుగలకు రాలేదు. పిల్లకు ఒంట్లో బాగాలేదని కబురు పంపింది. అసలు సంగతి తరవాత తనే చెప్పింది: అందరూ చూసేయని చీర ఒక్కటీ మిగల్లేదట! నవ్వి వదిలేసే మాటైతే కాదు. ఊరుకాని ఊళ్ళో పది మందిని కలుసుకునే చోటు ఇదొక్కటే. అది కూడా చీర కోసం పోగొట్టుకోవడమా?

రియాలు విలువ రెండువందల రూపాయలు దాటింది కదా, ఇక్కడివాళ్ళకేం లోటు అని ఊళ్ళో అనుకుంటారు. ఆ రియాలుతోనే ఇక్కడ ఇంటి అద్దె, స్కూలు ఫీజు, అక్కడ తమ్ముడి చదువు, ఫ్లాటు వాయిదా నడవాలని వారికి తోచదు. పండుగకొక పట్టుచీర చొప్పున కొంటూ పోతే ఏ జీతమూ చాలదు.

అయితే మనలో చాలామందికి ఊళ్ళో అమ్మ ట్రంకు పెట్టెలోనో, అత్తగారి బీరువాలోనో మడతలు విప్పని చీరలు ఉండనే ఉన్నాయి. గద్వాల, వెంకటగిరి, నారాయణపేట, ధర్మవరం, పోచంపల్లి. ఈ మస్కట్ ఎండకు, అందులోనూ సముద్రం మీది ఉక్కకు, గద్వాల చీరను మించినది లేదని మా అభిప్రాయం. ఒంటికి తగిలేది నూలు. అంచు, కొంగు మాత్రం పట్టు. రెండింటినీ కుట్టు లేకుండా మగ్గం మీదే కలుపుతారు. చూసేవారికి పట్టుచీర, కట్టుకున్నవారికి నూలుచీర.

ఈ పెట్టెలకు ఒక గండం ఉన్నది. "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధుల్లో కేకలు వేసుకుంటూ తిరిగేవారిని మన ఊళ్ళల్లో చూసే ఉంటారు. వాళ్ళకు కావలసింది చీర కాదు, జరీ. పూర్వపు మేలుజరీ అంటే పట్టుదారం చుట్టూ సన్నని వెండితీగ చుట్టి, పైన బంగారు పూత పూసినది. చీరను కాల్చి వెండి తీసుకుంటారు. కట్టేది వెండి ఖరీదే. నేతకు విలువ లేదు, అమ్మ పెళ్ళికి అసలే లేదు. ఈ రోజుల్లో మామూలు చీరల జరీ ఎక్కువగా రాగితీగో, ప్లాస్టిక్ పొరో. ఇంట్లో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళు, "ఎవరు కడతారే ఇవన్నీ, మీకు నచ్చవుగా" అని అమ్మేస్తున్నారు. మనం నచ్చుతాయని చెప్పకపోవడమే కారణం. ఈ సెలవులకు ఇంటికి ఫోను చేసినప్పుడు ఆ ఒక్కమాట ముందుగా చెప్పండి.

ఇక ఎలా కట్టాలి? పాత చీరను పాత జాకెట్టుతో, పాత నగలతో, పాత కొప్పుతో కడితే నాటకంలో వేషంలా ఉంటుంది. పాతది ఒకటి చాలు, తక్కినవన్నీ మన రోజువారీవే కావాలి. ముదురు ఎరుపు నారాయణపేట చీర మీదికి తెల్లని కాలరు జాకెట్టు, చెవులకు చిన్న పోగులు, చేతికి మామూలు వాచీ: అంతే. లేదా చీర సాదాదై, జాకెట్టు మాత్రం పాతకాలపు కుట్టుతో ఉండవచ్చు. "మిస్సమ్మ" (1955), "మాయాబజార్" (1957) నాళ్ళ సావిత్రిగారిని, డెబ్భైలలో వాణిశ్రీగారిని చూసి మన అమ్మలూ అమ్మమ్మలూ జాకెట్లు కుట్టించుకున్నారు, కొప్పులు పెట్టుకున్నారు. 2018లో "మహానటి" వచ్చాక ఆ చేతులూ ఆ మెడలూ మళ్ళీ దర్జీల దగ్గరకు వచ్చాయి. ఆ సినిమా దుస్తులకు జాతీయ బహుమతి కూడా వచ్చింది. హీరోయిన్ కట్టిన చీరలాంటిది కొనబోతే జేబు ఖాళీ అవుతుంది. అసలు చీరే అమ్మ పెట్టెలో ఉండగా నకలు కొనడమెందుకు? (ఆసుపత్రి పనికి మాత్రం మోచేయి దాటే చేతులు వద్దు. రోజుకు ముప్ఫైసార్లు చేతులు కడుక్కునేవారికి అవి తడిసి ముద్దవుతాయి, శుభ్రతకూ మంచివి కావు.)

ఈ విషయంలో ఇక్కడివారిని చూసి నేర్చుకోవలసినది చాలా ఉన్నది. మాతో పనిచేసే ఒమానీ అమ్మాయిలు రోజూ నల్లని అబాయాలో వస్తారు. ఇంట్లో పెళ్ళి అనేసరికి అమ్మమ్మగారి వెండి నగలు బయటికి తీస్తారు, అవి కొత్త గౌను మీదికి కూడా ఎంతో నిండుగా ఉంటాయి. ఆ వెండిలో చాలా భాగం ఒకప్పుడు ఇక్కడ చెలామణి అయిన మరియా థెరిసా నాణేలను కరిగించి చేసినదే. సలాలా వైపు ఆడవారి "అబూ ధైల్" చూశారు కదా, ముందు పొట్టిగా, వెనక నేలమీద జీరాడుతూ ఉంటుంది. పేరుకు అర్థమే "తోక గలది" అని. గుడ్డ మారుతుంది, పూసలు మారతాయి, తోక మారదు. మగవారి నెత్తిన కట్టే మస్సర్ కాశ్మీరు శాలువా అయితే వారికి ఎంత గర్వమో! మనదేశపు పాత నేతకు ఇక్కడ ఇంత మర్యాద ఉండగా మనం వాటిని తూకానికి వేస్తున్నాము.

దర్జీ సంగతి. రూవీలోనూ మత్రాలోనూ మనదేశపు దర్జీలకు కొదవ లేదు. మాటల్లో చెబితే ఒకటి చెప్పి ఒకటి కుడతారు గనుక ఆది జాకెట్టు తప్పక తీసుకువెళ్ళండి. అమ్మ జాకెట్టు పనికిరాదని పారేయబోయే ముందు లోపలివైపు తిప్పి చూడండి. పాతకాలపు దర్జీలు పక్కల్లో ధారాళంగా గుడ్డ వదిలేవారు. రెండు కుట్లు విప్పితే చాలామందికి సరిపోతుంది. పిల్లల పరికిణీకి నడుము దగ్గరా కింది అంచు దగ్గరా మడతలు పెట్టి కుట్టించండి, ఏడాదికొక మడత విప్పుకుంటూ మూడేళ్ళు నడపవచ్చు. చీర అంతా కత్తిరించేయకుండా కొంగు విడిగా ఉంచితే, అదే పిల్లకు రేపు ఓణీ అవుతుంది.

కత్తెర పెట్టేముందు ఒక పరీక్ష. చీరను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, మడతలు పడిన చోట చూడండి. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉన్న పట్టు అక్కడే చీలుతుంది. సన్నని గీతల్లా వెలుతురు కనిపిస్తే ఆ చీర కట్టుకోవడానికి పనికిరాదు, కుచ్చిళ్ళు దోపగానే చిరుగుతుంది. అటువంటిదానికే కత్తెర. అంచులు విప్పి సాదా నూలుచీరకు వేయించండి, కొంగు దుపట్టాగా వాడండి. గట్టిగా ఉన్న చీరను మాత్రం, ఎంత ముచ్చటగా గౌను కుట్టిస్తామని ఎవరు చెప్పినా, కోయవద్దు. చీరగా ఉన్నంతకాలం అది అమ్మదీ, మీదీ, మీ అమ్మాయిదీ కూడా. గౌను అయితే ఒక్కరి కొలతకే.

ఇప్పుడు డాక్టరు మాట. మన ఇళ్ళల్లో పుట్టిన బిడ్డకు వెంటనే కొత్తబట్ట వేయరు. అమ్మమ్మ నూలుచీర చింపి పొత్తిగుడ్డలు చేస్తారు. మెత్తగా ఉంటుంది, ఒత్తుకోదు, చెమట పీలుస్తుంది, మంచి ఆచారమే. కాని ఆ చీర ఎక్కడినుంచి వచ్చింది? పెట్టెలోంచి. పెట్టెలో ఏమున్నాయి? కలరా ఉండలు, అంటే నాఫ్తలీన్.

కొందరి రక్తకణాలలో జి6పిడి అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. పుట్టుకతో వచ్చే లోపం. తల్లినుంచి సంక్రమిస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ. ఒమాన్‌లో మగవారిలో సుమారు నాలుగోవంతు మందికి ఉన్నది. మనవారిలోనూ ఉన్నది, అంత ఎక్కువ కాకపోయినా. మామూలుగా ఏ బాధా ఉండదు, ఉన్నట్టు కూడా తెలియదు. కాని నాఫ్తలీన్ ఆవిరి పట్టిన గుడ్డలో అటువంటి పసిబిడ్డను చుడితే ఎర్రకణాలు పగిలిపోవడం మొదలవుతుంది. పచ్చకామెర్లు వస్తాయి. పుట్టిన కొద్దిరోజుల్లో కామెర్లు మితిమీరితే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగులుతుంది. ఇది భయపెట్టడానికి రాస్తున్నది కాదు, వైద్యగ్రంథాలలో ఏనాడో నమోదైనదే. ఇంకొక ముచ్చట: నాఫ్తలీన్ నూనెలో కరుగుతుంది. మనం బిడ్డకు నూనె రాసి, నలుగుపెట్టి, ఆపైన ఆ గుడ్డలో చుడతాము. చర్మంలోంచి లోపలికి పోవడానికి అంతకంటే సులువైన దారి లేదు.

కాబట్టి పురిటికి అమ్మగారు ఊరినుంచి వస్తూ తెచ్చే గుడ్డలు కలరా ఉండల పెట్టెలోవైతే బిడ్డ దగ్గరకు రానివ్వవద్దు. ఒకసారి ఉతికితే పోతుందని నమ్మవద్దు, వాసన చాలాకాలం పట్టుకునే ఉంటుంది. రోజూ వాడి ఉతికిన నూలుచీర అయితే నిశ్చింతగా చింపండి. "మీ అందరినీ ఇలాగే పెంచాను" అని పెద్దవారు చిన్నబుచ్చుకోవచ్చు. ఆవిడ మాట నిజమే, ఆ పిల్లల్లో ఈ లోపం లేకపోయి ఉండవచ్చునని మెల్లగా చెప్పండి. బిడ్డ కళ్ళు పచ్చబడినా, ఒళ్ళు పాలిపోయినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, పాలు తాగక మగతగా ఉన్నా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోవాలి, పొద్దున చూద్దామనవద్దు. పరీక్ష రక్తంతో చేస్తారు, పెద్ద ఖర్చు కాదు. లోపం ఉన్నదని తెలిస్తే ఇక్కడ ఉదయం తినే ఫూల్, అంటే బాకలా గింజలు, ఆ బిడ్డకు పెద్దయ్యాక కూడా పెట్టకూడదు. పసిచేతులకు గోరింటాకూ వద్దు.

కలరా ఉండలు లేకపోతే పురుగు పడుతుందంటారు. చీరలను ఉతికిన పాత నూలుగుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ సంచిలో వద్దు. వేపచెట్లు మస్కట్ వీధుల్లో కావలసినన్ని ఉన్నాయి. ఆకు బాగా ఎండబెట్టి, నాలుగు లవంగాలు కలిపి, చిన్న సంచిలో కట్టి చీరకు తగలకుండా మూలన పెట్టండి. కలరా ఉండలకు బదులని కర్పూరం పెట్టవద్దు, పాకే పిల్లలున్న ఇంట్లో అది ఇంకొక ప్రమాదం. మూడు నెలలకొకసారి చీరలు తీసి, నీడన ఆరవేసి, మడత మార్చి పెట్టండి. జరీ మీద సెంటు కొట్టవద్దు, నల్లబడుతుంది. ఊరినుంచి వచ్చిన చీరలకు వాసన ఉంటే బాల్కనీలో గాలికి వారం పది రోజులు వేలాడదీయండి, నేరుగా ఎండ తగలకుండా. ఆ గదిలో పసిపిల్లల ఉయ్యాల మాత్రం ఉంచవద్దు.