ఫోన్ పెట్టేయ్, ఫోన్ పెట్టుకో

పుంగనూరు కుర్రాడొకడు డిగ్రీ ముగించి ఉద్యోగాలు వెతుక్కుంటున్నాడు. బెంగళూరు కంపెనీవాళ్లు ఫోన్‌లో ఇంటర్వ్యూ చేస్తామంటే మదనపల్లెలో మా మిద్దె మీదికొచ్చి కూర్చున్నాడు. నేను పక్కనుంటే ధైర్యమట. రెండు ప్రశ్నలకు చక్కగా చెప్పాడు. అంతలో అవతలి ఆవిడ 'హ్యాంగ్ ఆన్' అంది. వీడు 'థాంక్యూ మేడమ్' అని ఫోన్ పెట్టేశాడు. హ్యాంగ్ అని వినబడితే చాలు, పెట్టేయమన్నారనే వాడి లెక్క. లైన్లో ఉండమంటోందిరా అని నేను చేయి ఊపేలోపే అంతా అయిపోయింది. వాళ్లు మళ్లీ చేయలేదు.

వాడి సంచిలో ఇడియమ్స్, ఫ్రేజల్ వెర్బ్స్ పుస్తకం ఉంది, తెలుగు అర్థాలతో సహా. తీసి చూశాను. హ్యాంగ్ ఆన్ అందులో ఉంది. దాని కింద పెన్సిల్ గీత కూడా ఉంది.

మొదట పుంగనూరులో, చివర కుప్పంలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. రిటైరయ్యాక సాయంత్రాలు ఇంట్లోనే చెబుతున్నాను. ఈ పట్టీల మీద నాకు నమ్మకం పోయి చాలా కాలమైంది. ఏ గైడు తెరిచినా మొదట్లోనే 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్'. బోర్లు ఎండిపోయే మా సీమలో కుండపోతే అపురూపం, ఇక కుక్కలూ పిల్లులూ ఎక్కడ కురుస్తాయి? ఇంగ్లీషువాళ్ల నోట రోజూ వినబడేవి వేరే ఉన్నాయి. పుట్ ఆఫ్, ఫైండ్ అవుట్, రన్ అవుట్ ఆఫ్. ఒక చిన్న క్రియ, దానికో తోక. తోక మారితే అర్థం మారిపోతుంది. పిల్లలు బెదిరేది అక్కడే.

బెదరాల్సిన పని లేదనేది నా వాదం. ఈ తోకల విద్య మనకు పాలతోనే వచ్చింది. 'పాపను చూడు' అంటే ఒకటి, 'పాపను చూసుకో' అంటే ఇంకొకటి. లుక్ ఎట్, లుక్ ఆఫ్టర్. 'ఫోన్ పెట్టేయ్' వేరు, 'ఫోన్ దగ్గర పెట్టుకో' వేరు, 'ఒక జాబు రాసిపెట్టు నాయనా' పూర్తిగా వేరు. ఆ చివరిదాంట్లో ఎక్కడా ఏదీ పెట్టేది లేదు, నా కోసం చేయమని అడగడమే ఉంది. మా అమ్మ బడి గడప తొక్కలేదు. ఈ మూడింట్లో ఏనాడూ పొరబడలేదు.

రెండు భాషల తోకలూ ఒకటేనని కాదు. ఇంగ్లీషు తోక చాలాసార్లు దిక్కు చూపిస్తుంది: పైకి, కిందికి, బయటికి. మన తోక ఎవరి కోసమో, పని పూర్తయిందో లేదో చెబుతుంది. అయినా కలిసే చోట్లున్నాయి. ఈట్ అప్ అంటే పైకి తినడమా అని తల గోక్కునే పిల్లవాడికి 'తినేయ్' అని చెప్పండి, చాలు.

కుప్పంలో ఇది మరీ సులువు. మూడు రాష్ట్రాలు కలిసే చోటు కదా, ఒకే బెంచీ మీద మూడు భాషలు. ఒకరోజు బోర్డు మీద 'చూసుకో' అని రాసి, మీ ఇళ్లల్లో ఏమంటారని అడిగాను. 'పాత్తుక్కో' అన్నాడు తమిళం మాట్లాడే పిల్లవాడు. 'నోడ్కో' అంది కన్నడం అమ్మాయి. 'వదిలేయ్' అన్నాను. 'విట్టుడు', 'బిట్‌బిడు' అన్నారు. ఆ పక్కనే గివ్ అప్ అని రాస్తే ఎవరూ వింతగా చూడలేదు. "ఇంగ్లీషోళ్లూ మన మాదిరే మేడమ్" అన్నాడు వెనక బెంచీవాడు.

ఇంకో ఖజానా కూడా ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మదనపల్లె టమాటా మార్కెట్లో రైతు "ఈ రేటుకు వర్కౌట్ కాదు సామీ" అంటాడు. బస్సు బ్రేక్‌డౌన్ అవుతుంది. అవ్వను చెకప్‌కు తీసుకుపోతారు. కటాఫ్, డ్రాపౌట్, పికప్, సెటప్. ఇవన్నీ ముడేసిన ఫ్రేజల్ వెర్బులే, ముడి విప్పడమే మిగిలింది. ఇలాంటి మాటలు పది పట్టుకు రమ్మంటే ఒకడు లాకప్ తెచ్చాడు. "మా మామను వేసినారు మేడమ్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. లాక్ అప్ అంటే ఏమిటో మాత్రం ఆ క్లాసులో ఎవరూ మర్చిపోరు.

మా ఊళ్లో ఇలా చెవితో నేర్చుకోవడం పాతదే. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ ఇక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బసచేసి జనగణమన పాడినప్పుడు విన్నవాళ్లకు బెంగాలీ రాదు. అయినా మళ్లీ మళ్లీ పాడించుకుని 'జయహే' దగ్గర గొంతు కలిపారు. అప్పటి ప్రిన్సిపల్, ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ ఆ ముచ్చట రాసిపెట్టాడు. పాటకు ఇంగ్లీషు అనువాదం ఠాగూర్ ఆ తర్వాత ఇక్కడే రాసిచ్చాడు.

పరీక్షలో రెండు మార్కులకు పట్టీ పనికొస్తుంది, కాదనను. కానీ నా దగ్గరికొచ్చే పిల్లలను మొదటి నెల ఆ పుస్తకం ముట్టనివ్వను. వింటారు, అంటారు, తప్పులు పోతారు.

మొన్న పుంగనూరు కుర్రాడు ఫోన్ చేశాడు. మా ఇద్దరికీ ఇప్పుడు ఫోన్‌లో ఇంగ్లీషే అని ఒప్పందం. పొయ్యి మీద పాలు పొంగుతుంటే హ్యాంగ్ ఆన్ అని పరుగెత్తాను. అటునుంచి అటే పక్కింటావిడ పిలిస్తే గుమ్మంలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆరు నిమిషాలు. ఫోన్‌లో పుంగనూరు బస్టాండు హారన్లు వినబడుతూనే ఉన్నాయి.