ఏ రిజిస్టర్‌లోనూ లేని దెబ్బ

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే రోడ్డు మీద, కూతవేటు దూరంలో, రెండు బాంబులు పేలాయి. ఒకటి మలక్‌పేట స్టేషన్ పరిధి, అంటే హైదరాబాద్ కమిషనరేట్. రెండోది సరూర్‌నగర్ స్టేషన్ పరిధి, అప్పటి సైబరాబాద్ కమిషనరేట్. రెండు చోట్లా రెండు కేసులు రాశారు. అయినా ఆ హద్దు ఎవరికీ అడ్డం రాలేదు. రెండు కేసులూ ఎన్ఐఏ చేతికి వెళ్లాయి, 2016 డిసెంబరులో శిక్షలు పడ్డాయి. చనిపోయినవాళ్లు 18 మంది అని తేల్చినప్పుడు తల్లి కడుపులోని బిడ్డను కూడా ఆ లెక్కలో కలిపారు. కలపాల్సిందే. ప్రాణం పోయిన చోట ప్రభుత్వం లెక్క పెట్టాల్సిన తీరు అదే.

మరి అదే రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఇళ్లలో దెబ్బలు తింటున్న ఆడవాళ్ల లెక్క ఎవరి దగ్గర ఉంది? మలక్‌పేట నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా ఏ కాలనీలో ఎందరు భర్తల చేతిలో తన్నులు తింటున్నారు, ఎందరు ఫోన్ చేశారు, చేసినవాళ్లలో ఎందరు మళ్లీ తన్నులు తిన్నారు, ఎందరు చచ్చిపోయారు? ఏ అధికారినైనా నిలబెట్టి అడగండి. తన ముక్క తాను చెబుతాడు. మొత్తం ఎవరూ చెప్పలేరు.

100కి వచ్చిన ఫోన్లు పోలీసుల కంట్రోల్ రూమ్‌లో ఉంటాయి. 181కి వచ్చినవి మహిళా శిశు సంక్షేమ శాఖవి. బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి ఒక రిజిస్టర్, షీ టీమ్స్‌కు వచ్చే ఫిర్యాదులకు ఇంకొకటి. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసుల) పుస్తకం వేరు. గృహహింస చట్టం కింద రక్షణాధికారి రాసే నివేదికలు వేరు. ఎల్‌బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో పడే కేసు నంబర్లు వేరు. ఒకే మనిషి ఇన్ని చోట్లా తిరిగి, ఇన్ని చోట్లా మొదటి నుంచి ఏడ్చి చెప్పుకుని, ఇన్ని చోట్లా కొత్త మనిషిగానే ఉండిపోతుంది.

మా వైపు ఏ కాలనీలోనైనా జరిగే వరస చెబుతాను. రాత్రి కొడతాడు. పక్కింటివాళ్లు 100కి ఫోన్ చేస్తారు. పెట్రోలింగ్ బండి వస్తుంది, ఆయన్ను నాలుగు మాటలని, ఆమెకు నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోతుంది. ఆ ఫోన్ అక్కడితో తీరిపోయినట్టే. పొద్దున చెయ్యి వాచి ఆసుపత్రికి వెళ్తుంది, కొట్టినవాడే బండి మీద తీసుకెళ్తాడు. పక్కన అతను నిలబడి ఉండగా "మెట్ల మీద జారిపడ్డాను సార్" అంటుంది. డాక్టరు అదే రాస్తాడు. ఇంకో నెలకి సూర్యాపేట నుంచో నల్లగొండ నుంచో తల్లి బస్సెక్కి ఎల్‌బీ నగర్‌లో దిగుతుంది, కూతుర్ని వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్తుంది. పిటిషన్ తీసుకుంటారు. కౌన్సెలింగ్ అంటారు. రెండు వైపులా పెద్దమనుషులు కూర్చుంటారు. "సంసారం అన్నాక ఇవన్నీ ఉంటాయి, సర్దుకుపోవాలమ్మా" అని ఆమెకే చెబుతారు. "ఇకమీదట చెయ్యి చేసుకోను" అని అతను తెల్ల కాగితం మీద రాసి సంతకం పెడతాడు. ఆమెను మళ్లీ అదే ఇంటికి పంపిస్తారు. ఎఫ్ఐఆర్ లేదు. ఎఫ్ఐఆర్ లేదు కాబట్టి ఢిల్లీలోని జాతీయ నేర గణాంకాల సంస్థ దృష్టిలో ఆ నేరం జరగనే లేదు.

నేరం తెలిసిన వెంటనే ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అదే తీర్పులో, ముందు కొంత విచారణ చేసుకోవచ్చు అన్న జాబితాలో భార్యాభర్తల, కుటుంబ తగాదాలను చేర్చింది. ఆ విచారణకు గడువు కూడా పెట్టింది. గడువు సంగతి మరిచిపోయి, ఆ సందును మాత్రం మన స్టేషన్లు గుమ్మంలా వాడుకుంటున్నాయి.

ఇక ఆమె గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లిందనుకోండి. 2006 నుంచి అమల్లో ఉన్న చట్టం అది. రక్షణ కావాలని, ఆ ఇంట్లో ఉండే హక్కు కావాలని అడగడం సివిల్ వ్యవహారం కాబట్టి, అది నేరాల పుస్తకంలోకి రాదు. కోర్టు ఉత్తర్వును మొగుడు ఉల్లంఘిస్తేనే నేరం. అందుకే దేశం మొత్తానికి ఆ చట్టం కింద పోలీసుల లెక్కలో ఏటా కనిపించేవి కొన్ని వందల కేసులే. ఒక్క ఎల్‌బీ నగర్ కోర్టు వరండాలో వాయిదా రోజున కాసేపు నిలబడండి, ఆ అంకె ఎంత అబద్ధమో తెలుస్తుంది.

ఆ వరండాలో ప్రతి ఆడమనిషి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో మూలలకు పసుపు పూసిన శుభలేఖ ఉంటుంది, పెళ్లి జరిగిందనడానికి సాక్ష్యంగా. పెళ్లి ఫొటోలు, ఆధార్ జిరాక్సులు, సిరా వెలిసిపోయిన ఓపీ చీటీలు, అతను పంపిన బూతు మెసేజీలకు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో తీయించిన ప్రింట్లు, పిల్లల స్కూలు ఫీజు రసీదులు. వకీలు అడిగినప్పుడల్లా మోకాళ్ల మీద పరిచి వెతుకుతుంది. తన మీద జరిగిన హింసకు పూర్తి రికార్డు ఈ దేశంలో ఆ కవర్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ కవరు ఆటోలో మర్చిపోతే ఆమె కథ మొత్తం పోయినట్టే.

ఆమె ఉరేసుకుందనుకోండి. అప్పుడు మాత్రం లెక్కలోకి వస్తుంది, కానీ వేరే పుస్తకంలో. ప్రమాద మరణాలు, ఆత్మహత్యల నివేదికలో "గృహిణి" అనే వరసలో. 2021లో ఆ వరసలో 23,179 మంది ఉన్నారు. కారణాల పట్టికలో "కుటుంబ సమస్యలు" ఒక గడి, "అనారోగ్యం" ఇంకో గడి. "కడుపునొప్పి భరించలేక" అని పేపర్లో మనం ఎన్నిసార్లు చదివాం! ఆ 23,179 మందిలో ఎందరు అంతకుముందు ఏదో ఒక స్టేషన్ గుమ్మం ఎక్కారో, ఎందరు 181కి ఫోన్ చేశారో ఆ పుస్తకం చెప్పదు. బతికుండగా ఇచ్చిన పిటిషన్‌నూ చచ్చాక రాసిన శవ పంచనామానూ పక్కపక్కన పెట్టి చూసే పని ఎవరికీ అప్పజెప్పలేదు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

2025 జనవరిలో ఎల్‌బీ నగర్‌కు పక్కనే ఉన్న మీర్‌పేటలో ఒక భార్య కనిపించడం లేదని కుటుంబం ఫిర్యాదు ఇచ్చింది. రికార్డులో ఆమె మొదట "మిస్సింగ్". తర్వాత భర్తే చంపాడని పోలీసులు ప్రకటించాక దేశమంతా వణికింది. అది బయటపడింది కాబట్టి హత్య అయింది. బయటపడక "మిస్సింగ్" దగ్గరే ఆగిపోయిన ఆడవాళ్లు ఎందరు?

2023 ఆగస్టు 15 రాత్రి ఎల్‌బీ నగర్ పోలీసులు ఒక గిరిజన మహిళను స్టేషన్‌కు తీసుకెళ్లి కొట్టారన్న ఆరోపణ మీద ఇద్దరు సిబ్బందిని సస్పెండ్ చేశారు, హైకోర్టు తనంతట తానే ఆ విషయాన్ని విచారణకు తీసుకుంది. స్వాతంత్ర్య దినోత్సవం రాత్రి అది. లెక్కపెట్టాల్సినవాడి చేతిలోని లాఠీయే దెబ్బ కొడితే ఆ దెబ్బను ఏ గడిలో రాస్తారు?

పోనీ, రాసిన లెక్కలైనా చూద్దాం. 2023 సంవత్సరపు నేర నివేదిక 2025 సెప్టెంబరు చివర్లో గానీ బయటికి రాలేదు. మహిళలపై నేరాలు దేశంలో 4,48,211. లక్ష మంది మహిళలకు 124.9 కేసులతో రాష్ట్రాల్లో తెలంగాణ మొదటి స్థానం. తెలంగాణలో ఆడవాళ్లకు భద్రత లేదని ఒకరు, ఇక్కడ ధైర్యంగా ఫిర్యాదు చేస్తున్నారు కాబట్టే అంకె పెరిగిందని ఇంకొకరు. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చే సమాచారం మాత్రం ఎవరి దగ్గరా లేదు. 2022లో బిహార్ రేటు తెలంగాణ రేటులో మూడో వంతు కూడా లేదు. అదే బిహార్‌లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇంటింటికీ వెళ్లి అడిగితే పెళ్లైన స్త్రీలలో నూటికి 40 మంది భర్త హింస అనుభవించామన్నారు. తెలంగాణలో 36.9 శాతం. పోలీసుల పుస్తకం ప్రకారం బిహార్ ప్రశాంతంగా ఉంది, ఇళ్లలో మాత్రం మనకంటే ఎక్కువే కొడుతున్నారు. ఇలాంటి పుస్తకాన్ని పట్టుకుని రాష్ట్రాలకు ర్యాంకులు ఇస్తున్నారు.

పైగా ఒక ఎఫ్ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా అన్నింటికంటే పెద్ద శిక్ష పడేదాన్ని మాత్రమే లెక్క పెట్టడం జాతీయ నేర గణాంకాల సంస్థ పద్ధతి. ఏళ్లుగా కొట్టి చివరికి చంపితే హత్య ఒక్కటే మిగులుతుంది. ఆ ఏళ్లన్నీ పోతాయి.

ఆ కుటుంబ ఆరోగ్య సర్వే అడిగే తీరు బాగుంది, ఒప్పుకుంటాను. ఇంటికి ఒక్క స్త్రీనే ఎంచుకుంటారు, ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతారు, చాటు దొరక్కపోతే ఆ ప్రశ్నలు వదిలేస్తారు. హింస అనుభవించినవాళ్లలో నూటికి 14 మందే సాయం అడిగారని, 77 మంది ఎవరికీ నోరు విప్పలేదని మనకు తెలిసింది దానివల్లే. తెలంగాణలో నూటికి 84 మంది స్త్రీలు, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సమంజసమే అన్నారు. ఆ అంకె చదివినప్పుడు కోపం ఆ ఆడవాళ్ల మీద రాలేదు, అలా అనిపించేలా పెంచిన మన అందరి మీదా వచ్చింది. కానీ ఆ సర్వే కొన్నేళ్లకోసారి వస్తుంది, రాష్ట్రం అంకె ఇస్తుంది, జిల్లాకు దిగితే హింస అంకె ఉండదు. అది ఇళ్లనే చూస్తుంది, హాస్టళ్లు దాని పరిధిలోకి రావు. దిల్‌సుఖ్‌నగర్ అంటేనే హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. గ్రూప్స్‌కో డీఎస్సీకో కంప్యూటర్ కోర్సుకో ఊళ్ల నుంచి వచ్చి, గదికి నలుగురైదుగురు చొప్పున సర్దుకుని ఉండే ఆ ఆడపిల్లలు వేల మంది. వెంటపడేవాడు, ఫొటోలతో బెదిరించేవాడు, చేతులు వేసే హాస్టల్ యజమాని, వీళ్లలో ఎవడి సంగతీ ఏ జాతీయ సర్వేలోనూ లేదు. ఇంట్లో చెబితే చదువు మాన్పించి తీసుకెళ్లిపోతారని పిల్ల నోరు మూసుకుంటుంది.

ఈ లెక్కలు చేతకాక తీయడం లేదా? 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో రాష్ట్రాన్ని ఆపేసి కోటి కుటుంబాలను లెక్కగట్టిన తెలంగాణ ఇది. 2024 నవంబరులో కులగణన కోసం మళ్లీ ఇంటింటికీ తిరిగింది. కేంద్రం 2009లోనే పోలీస్ స్టేషన్లన్నింటినీ కంప్యూటర్లతో కలపడానికి రెండు వేల కోట్లు కేటాయించింది. 2018లో లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్ మొదలుపెడుతూనే 4.4 లక్షల ఎంట్రీలు ఎక్కించింది. పట్టుబడ్డ మగవాడికి జాతీయ రికార్డు సాధ్యమైంది. కొట్టించుకున్న ఆడమనిషి మళ్లీ ప్రమాదంలో ఉందని చెప్పే రికార్డు మాత్రం ఎవరికీ ముఖ్యం కాలేదు.

హద్దుల గోల ఎక్కడికి తీసుకెళ్తుందో 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర చూశాం. అత్యాచారానికి, హత్యకు గురైన దిశ కుటుంబం ఆమె కోసం రాత్రివేళ స్టేషన్ల చుట్టూ తిరిగింది. కేసు నమోదులో జాప్యం చేసినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. జీరో ఎఫ్ఐఆర్ ఇప్పుడు కొత్త చట్టంలోనే ఉంది. చట్టంలోకి వచ్చింది సరే, కాగితం రెండో స్టేషన్‌కు చేరాక ఆమె ఏమైందో చూసేదెవరు?

స్పెయిన్‌లో 2003 నుంచి, భర్త చేతిలోనో మాజీ భర్త, ప్రియుడి చేతిలోనో చనిపోయిన ప్రతి స్త్రీని ప్రభుత్వమే లెక్కగట్టి ప్రకటిస్తోంది. అందులో ఒక గడి ఉంటుంది: ఆమె అంతకుముందు ఫిర్యాదు చేసిందా, లేదా. ఆ ఒక్క గడి చాలు, చావుకు పోలీసులు, కోర్టులు ఎంత బాధ్యులో ఊరందరికీ తెలియడానికి. మన దగ్గర ఆ గడి లేకపోవడం మరుపు వల్ల జరిగిందని నేను నమ్మను. ఆ గడి ఉంటే జవాబు చెప్పాల్సినవాళ్లు చాలామంది ఉంటారు.

నేను అడుగుతున్నది ఆడవాళ్ల పేర్ల జాబితా కాదు. పేర్లు బయటికి పొక్కితే ఆ రాత్రే చంపుతారు. అడిగేది ఒక నంబరు. 100, 181, సఖి, ఆసుపత్రి, రక్షణాధికారి, కోర్టు, ఎక్కడ మొదలుపెట్టినా ఆమెకు ఒకే నంబరు ఉండాలి. మూడోసారి ఫోన్ వచ్చినప్పుడు ఇది మూడోసారి అని ఎదుటివాడి తెరమీద కనిపించాలి. కౌన్సెలింగ్ చేసి పంపిన ప్రతి పిటిషన్‌ను, ఎఫ్ఐఆర్ కాకపోయినా, లెక్కలో చూపాలి. స్టేషన్ వారీగా ఏటా ప్రకటించాలి. సరూర్‌నగర్, చైతన్యపురి, మలక్‌పేట, ఎల్‌బీ నగర్, మీర్‌పేట, ఈ అయిదు స్టేషన్లతో మొదలుపెట్టమనండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ముఖ్యమంత్రి కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు చాలు.

అది వచ్చేదాకా మీరు చేయగలిగింది ఉంది. పక్కింటి కోసమైనా, మీ కోసమైనా ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు అడిగి తారీఖుతో రాసుకోండి. ఆసుపత్రిలో కొట్టాడనే చెప్పండి, అదే రాయించండి. పిటిషన్ ఇస్తే రసీదు తీసుకోనిదే కదలకండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది. స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును పైఅధికారికి పోస్టులో పంపే హక్కు కూడా చట్టంలోనే ఉంది.