దోమ కిడ్నీ చదివితే ఏమొస్తుంది?

మా కాలేజీలో ఎమ్మెస్సీ జువాలజీ పూర్తిచేసిన ఓ అమ్మాయి ఈమధ్య వచ్చి అడిగింది: ‘సార్, పురుగుల కిడ్నీ మీద పీహెచ్‌డీ చేస్తానంటే ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. కోడింగ్ కోర్సులో చేరిపోనా?’ అప్పుడు హడావుడిలో సగం జవాబే చెప్పాను. మిగతా సగం ఇది. అదే సందేహంలో ఉన్న మీ అందరికీ కూడా.

ఇంటర్‌లో బొద్దింక పాఠం గుర్తుందా? మాల్పీజియన్ నాళికలు. పసుపు పచ్చని సన్నటి దారాలు. బొమ్మ గీశాం, పేర్లు పెట్టాం, మార్కులు తెచ్చుకున్నాం. అవి ఎలా పనిచేస్తాయో ఎవరూ అడగలేదు, మనమూ అడగలేదు. అసలు కథ ఉన్నది అక్కడే.

మన కిడ్నీ రక్తపోటు ఒత్తిడితో రక్తాన్ని వడగడుతుంది. పురుగుకు అంత ఒత్తిడి లేదు. అందుకే దాని నాళికలు వేరే దారి పట్టాయి. కణం పొరలో వీ-ఏటీపేజ్ అనే ప్రోటీన్ పంపు ఉంటుంది. అది ఏటీపీని ఖర్చుపెట్టి ప్రోటాన్లను నాళిక లోపలికి తోస్తుంది. ఆ ప్రోటాన్లకు బదులుగా మరో ప్రోటీన్ పొటాషియం, సోడియం అయాన్లను లోపలికి పంపుతుంది. వాటి వెంట క్లోరైడ్, ఆ వెనకే నీళ్లు. పురుగు మూత్రం తయారయ్యేది ఇలాగే.

ఆడ దోమ ఒక్క పూటలో తన బరువును మించిన రక్తం తాగగలదు. ఆ బరువుతో ఎగరడం కష్టం. అందుకే తాగుతుండగానే అదనపు నీటిని, ఉప్పును బయటికి పంపడం మొదలుపెడుతుంది. ఈ పనంతా చేసేది ఐదే ఐదు నాళికలు. మరి వాటిని ఆపేస్తే? 2013లో అమెరికాలోని వాండర్‌బిల్ట్, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు డెంగీ దోమలో పొటాషియం చానెళ్లను అడ్డుకునే ఒక రసాయనంతో దాని ‘కిడ్నీ’ని దెబ్బతీయగలిగారు. 2016లో అదే కోవకు చెందిన మరో రసాయనం, పైరిత్రాయిడ్ మందులకు లొంగని దోమల మీదా పనిచేసింది. అయితే ఆ కుటుంబం చానెళ్లు మన గుండెలో, కిడ్నీలోనూ ఉన్నాయి. దోమను మాత్రమే తాకే మందు తయారుచేయడమే అసలు పరీక్ష. ఆ పరీక్ష రాసేవాళ్లు కావాలి.

మన చేను దాకా

ఇదంతా ఎక్కడో విదేశీ ల్యాబుల గొడవ అనుకోకండి. గొంగళిపురుగుల పేగులో క్షారగుణం చాలా ఎక్కువ. దాన్ని నిలబెట్టేదీ ఈ అయాన్ పంపులే. బీటీ బ్యాక్టీరియా విష స్ఫటికాలు కరిగేది ఆ క్షారంలోనే. కరిగిన ప్రోటీన్ పేగు పొరకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. 2002లో మన దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తి వెనకున్న సూత్రం ఇదే. తర్వాత గులాబీ రంగు పురుగు తట్టుకోవడం నేర్చుకుంది. క్రై2ఏబీ ప్రోటీన్‌ను తట్టుకున్న పురుగుల్లో ఏబీసీఏ2 అనే రవాణా ప్రోటీన్ జన్యువులో మార్పులు కనిపించాయి. పురుగు పేగులో ఒక ప్రోటీన్ మారితే వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు రైతు పెట్టుబడే తలకిందులవుతుంది. ఇది చిన్న విషయమా?

దోమ పొట్టను తెరిచి చూడటం మన నేలకు కొత్త కూడా కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని చూసింది దోమ జీర్ణాశయం గోడలోనే.

ఉన్నదున్నట్టు

ఉద్యోగాలు కోకొల్లలుగా ఉన్నాయని చెప్పను. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. శాశ్వత పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. ఇంటికి వెంటనే సంపాదన అవసరమైతే కోడింగ్ వైపు వెళ్లడం తప్పేమీ కాదు. కానీ ‘జువాలజీలో ఏముంది’ అన్న మాటకు భయపడి మాత్రం వెళ్లకండి. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్, బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్ లాంటి చోట్ల కీటకాల మీదే పని. డిగ్రీలో ఉన్నవాళ్లు సైన్స్ అకాడమీలు ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి. రెండు నెలలు ల్యాబులో కూర్చుంటే ఈ పని మీకు పడుతుందో లేదో మీకే తెలుస్తుంది.

ఖరీదైన యంత్రాలు లేవని వెనకడుగు వేయకండి. 1950ల్లో కేంబ్రిడ్జిలో ఆర్థర్ రామ్సే ఒక్క నాళికను నూనె అడుగున ద్రవపు చుక్కలో పెట్టి, అది వదిలే బొట్టు వ్యాసాన్ని మైక్రోస్కోపు కింద కొలిచాడు. ఆ పద్ధతిని ఇవాళ్టికీ వాడుతున్నారు. కావలసింది నిలకడైన చెయ్యి, ఓపిక, ‘ఎలా?’ అనే ప్రశ్న.

అమ్మా, ఇంట్లో మళ్లీ నవ్వితే ఒక్క మాట అడుగు: ‘మన పత్తిలో పురుగు ఎందుకు చావట్లేదో తెలుసా?’ వాళ్లు ఆలోచనలో పడతారు. ఆ తర్వాత వెళ్లి అప్లికేషన్ నింపు.