పనిలేని ప్రయాణం

మగవాడు బస్సెక్కితే "ఎక్కడికి?" అని అడుగుతారు. ఆడమనిషి బస్సెక్కితే "ఎందుకు?" అని అడుగుతారు. మన యాత్రా సాహిత్య చరిత్ర అంతా ఈ రెండు ప్రశ్నల మధ్యే నడిచింది.

1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కృష్ణ దాటి, పాలమూరు సీమ మీదుగా హైదరాబాదు చేరాడు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' దగ్గరే మనం లెక్క మొదలుపెడతాం. ఆ పరివారంలో ఆడవాళ్ళున్నారు, పల్లకీ మోసిన బోయీలున్నారు. వాళ్ళూ అంత దూరమూ వెళ్ళారు. యాత్రికుడు మాత్రం ఒక్కడే అయ్యాడు. 1870ల్లో ఇంగ్లండు వెళ్ళొచ్చిన పోతం జానకమ్మ పుస్తకమే రాసినా, ఆమె పేరు మన సాహిత్య చరిత్రల్లోకి రావడానికి ఎంత కాలం పట్టిందో మనకు తెలుసు.

ఇప్పుడు కాలం మారిందంటారు. వీపున సంచి తగిలించుకుని, బస్సులు మారుతూ, సరిహద్దులు దాటుతూ 'ఎవరూ వెళ్ళని' దేశానికి ఒంటరిగా బయల్దేరే యువతిని పత్రికలు మెచ్చుకుంటున్నాయి. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. నా తగువంతా ఆ 'ఎవరూ' అన్న మాటతోనే. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు ఎవరూ కారా? 1957లో లండన్ నుంచి కలకత్తాకు బస్సు నడిచింది. తర్వాత ఇరవయ్యేళ్ళకు పైగా పాశ్చాత్య యువత ఇరాన్, అఫ్ఘానిస్తాన్‌ల మీదుగా రోడ్డు పట్టుకుని వచ్చింది. దాన్ని చరిత్ర సాహసయాత్ర అంది. ఎదురు దిక్కున పొట్ట చేతపట్టుకుని పోయినవాళ్ళ ప్రయాణానికి ఆ పేరు దక్కలేదు.

మన అయిజనే చూడండి. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో, కర్నూలు నుంచి రాయచూరు పోయే దారిలో ఉన్న ఊరు. హైదరాబాదు వాళ్ళకు ఇదే ఒక మారుమూల దేశం. ఈ పాలమూరు నేల నుంచి గుంపు మేస్త్రీల వెంట ఆడవాళ్ళు తరతరాలుగా బొంబాయికీ పూనాకూ పోయారు, దేశమంతటా ప్రాజెక్టుల దగ్గర మట్టి మోశారు. ఒళ్ళో బిడ్డతో, కాళ్ళ దగ్గర గిన్నెల మూటతో రాత్రంతా బస్సులో కూర్చున్న ఆమె ఎన్ని భాషలు విన్నదో, ఎన్ని నదులు దాటిందో మనమెప్పుడైనా అడిగామా? ఆమెది 'వలస', మనది 'యాత్ర'.

ఆకలికి యాత్ర అని పేరు పెట్టి అందంగా చూపొద్దని మిత్రులు అభ్యంతరం చెప్పొచ్చు. సరైన అభ్యంతరమే. అప్పు తీర్చడానికి ఊరొదిలిన మనిషికి ఇష్టం వచ్చిన చోట బస్సు దిగే స్వేచ్ఛ లేదు. కానీ ఆమెకు కళ్ళు కూడా లేవన్నట్టు రాయడం ఏం న్యాయం? శ్రమ గురించి రాసిన మనం కూడా ఆమె చూసిన లోకాన్ని వదిలేశాం.

రాజ్యం ఈ తేడాను కాగితం మీద కూడా రాసింది. పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టు మీద వేరే ముద్ర. అలాంటి పాస్‌పోర్టున్న ముప్ఫై ఏళ్ళలోపు స్త్రీలు ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్ళరాదని 2007లో కేంద్రం నిబంధన పెట్టింది. పేరు రక్షణ. రక్షించాల్సింది ఆమె జీతాన్ని, కాపాడాల్సింది ఆమె ఒంటిని. మూసింది మాత్రం ఆమె దారిని.

2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు డబ్బు అక్కర్లేదు. వెంటనే మొదలైంది ఏడుపు: "పనీపాటా లేకుండా తిరుగుతున్నారు." తిరిగితే ఏం? అరుగు మీద, హోటల్ ముందు, చౌరస్తాలో మగవాళ్ళు పనిలేకుండా గడిపిన గంటలకు ఎవరైనా లెక్క అడిగారా? బస్సు చాలకపోతే ఇంకో బస్సు అడగాలి గానీ, ఆమెను దిగమనడమేమిటి?

అయినా ఈ ఉచితం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. కర్ణాటకలో 2023 జూన్‌లో శక్తి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో స్త్రీశక్తి వచ్చాయి. మూడూ ఆడవాళ్ళ పేరుతో వచ్చినవే, ఏ రాష్ట్రం ఆడవాళ్ళు ఆ రాష్ట్రానికే. అయిజ ఆడబిడ్డను రాయచూరు ఇచ్చి, కోడల్ని కర్నూలు వైపు నుంచి తెచ్చుకునే చోట తల్లి బిడ్డను చూడబోవాలంటే పొలిమేర నుంచి టికెట్టు కొనాల్సిందే. పెళ్ళి సంబంధాలకు లేని సరిహద్దు తల్లి బస్సుకు ఎందుకు?

కార్గిల్ తర్వాత, 2000 మార్చిలో, నిర్మలా దేశ్‌పాండే చొరవతో భారతీయ స్త్రీలు ఢిల్లీ నుంచి లాహోరుకు బస్సులో వెళ్ళారు. తర్వాత అస్మా జహంగీర్‌తో పాకిస్తాన్ స్త్రీలు ఇటు వచ్చారు. నాకు ఎంతో ఇష్టమైన ప్రయాణాలవి. కానీ ఒకటి గమనించండి: అంత ధైర్యం చేసినప్పుడు కూడా మన చేతిలో శాంతి అనే పెద్ద కారణం ఉంది. 2019లో ఆ బస్సు ఆగిపోయింది.

గుడి, పెళ్ళి, పురుడు, ఆస్పత్రి, కూలి, చివరికి ఉద్యమం - ఏదో ఒక కారణం చూపిస్తేనే మనకు గడప దాటే అనుమతి. కారణాలన్నీ మంచివే. నేనడుగుతున్నది ఏ కారణమూ చెప్పక్కర్లేని ప్రయాణం. విదేశానికి పోయే రచయిత్రికి ఎంత హక్కుందో, సాయంత్రం పత్తి చేను నుంచి వచ్చి, మర్నాడు ఊరికే రాయచూరు చూసి రావాలనుకునే అయిజ కూలిమనిషికీ అంతే ఉంది. "యాడికి పోతున్నవ్, ఏం పని?" అని కండక్టరో మొగుడో మేస్త్రీయో అడిగితే "ఏం లే, ఊరికే" అని ఆమె చెప్పగలగాలి. ఆ జవాబుకు చోటివ్వని స్వేచ్ఛ గురించి మనం ఎన్ని వ్యాసాలు రాసుకుంటే ఏం లాభం?